పెన్సిల్‌తోని గీసిన గడ్డం

పటాన్‌చెరు బస్టాండు ఎదురుంగ ఓదెలు ఫోటో స్టూడియో. కంపెనీ గేటుపాసులకు పొద్దంత ఫోటోలు తీసుడే ఆయన పని. మొదట్ల ఆయన తీసిన ఫోటో చూస్తే సొంత పెండ్లాం గూడ మొగుణ్ణి గుర్తుపట్టకపోయేది. ప్లాంటుల పనిచేసే సూర్యారావు ఒకనాడు చూసి నవ్విండు.

"ఫ్లాషు ఆపవయ్యా. మనిషిని కిటికీ వైపు తిప్పు. కంట్లో వెలుగు పడ్డాకే నొక్కు."

అట్ల తీస్తే మొఖాలకు పాణమొచ్చింది. ఫోటోలల్ల మగోళ్లకు గడ్డాలు గూడ పెరగబట్టినయ్. ఇంట్ల మనిషి గీక్కుంటే ఫోటోల నున్నగయ్యేది. గేటుకాడ గుర్తుపట్టుడు అల్కగైందని వాచ్‌మెన్లు సంబురపడ్డరు.

ఆ ఎండకాలం గడ్డపోతారం దిక్కు ఒక మందుల కంపెనీల షెడ్డు పేలి కూలింది. తెల్లారంగనే మొగులమ్మ ఉరికొచ్చింది. ఆమె మొగడు పెద్దరాములు ఆ షిఫ్టులనే ఉండె.

"ఓదెలన్నా, మా ఆయన ఫోటో ఇంకోటి నీ దగ్గరుంటది గద! గడ్డం పెరిగిందేమో జెర సూడు, పెరిగితే బతికున్నట్టే."

ఓదెలు లోపలికి వోయి చూసిండు. గదుమ నున్నగనే ఉన్నది. ఒక్క పూటకు ఏం కనపడ్తది? అయినా బయట ఆమె ఏడుపు ఇనలేక, ఫోటోలు దిద్దే పెన్సిల్‌ తీసి సన్నగ గీతలు పెట్టిండు. పాపిష్టి చెయ్యి, జన్మల అంత మంచిగ దిద్దలే.

అదే కొంప ముంచింది. మొగులమ్మ ఆ ఫోటో పట్టుకపోయి చూపిస్తే కంపెనీ సూపర్‌వైజర్ నరసరాజు షెడ్డు కాడ తవ్వుడు ఆపిచ్చిండు.

"బతికే ఉన్నాడుగా! ఈ గోడల కింద ఎవడు బతుకుతాడమ్మా? భయపడి ఎటో పారిపోయుంటాడు, వెతుక్కో."

రెండు దినాలు ఆమె కర్దనూర్, సంగారెడ్డి, చుట్టాల ఇండ్లన్ని తిరిగింది. మూడోనాడు స్టూడియో మెట్ల మీద కూలబడ్డది.

"ఏడ లేడన్నా. ఇంకేడ తిరగాలె? నువ్వే చెప్పు."

ఓదెలు మెట్లు దిగి ఆమె ముందట కూసున్నడు. "చెల్లె, నన్ను చెప్పుతోని కొట్టు. ఆ గడ్డం నేను గీసిన."

ఆమె కొట్టలే. ఫోటో ఆయన ముందటికి నూకి, "తుడువు" అన్నది.

తడి దూదితోని తుడిస్తే పెన్సిల్ పోయింది. కింద నిజం గడ్డం, మూడు రోజులది. దాని నిండ ఈ మూడు దినాలు రాలిన తెల్లటి మందుపొడి. ఓదెలు మళ్ల తుడిచిండు. పొడి పోలే.

"ఆ షెడ్లనే ఉన్నడు!" మొగులమ్మ చెప్పులిడిచి ఉరికింది.

ఫోటో చూసినంక నరసరాజు మళ్ల తవ్వుమన్నడు. కూలోళ్లు గడ్డపారలు పట్టిండ్రు, మొగులమ్మ ఉత్త చేతులతోనే రాళ్లు లాగవట్టింది. ఓదెలు మట్టిల కూసోని ఫోటో మీదికెళ్లి కన్ను తియ్యలే. నా పెన్సిల్‌ మూడు దినాలు తిన్నది తల్లీ, ఇంకొక్క గడియ ఇయ్యి అని మొక్కిండు.

పొద్దుగూకుతుంటే ఫోటోల చెంప మీద పొడి నాలుగు వేళ్ల మేర చెదిరింది. ఓదెలు తలెత్తి చూసిండు. మొగులమ్మ చెయ్యి రాళ్ల సందులకు మోచెయ్యి దాక వోయి ఉన్నది.

"వెచ్చగున్నడు అన్నా!" అని ఆమె అరిచింది.