బత్తాయి కొయ్య తెల్లఁబడిన విధము

శరదృతువు గడచుచున్నను వానచుక్క యెఱుఁగని యా రాయలసీమ పల్లెయందు, మధ్యాహ్నభానుని ప్రచండకిరణములకు నేల నెఱియలువాఱి, బోరుబావులెండి జలాధారము దప్పిన బత్తాయితోఁటలు ఆకురాలి మోడువాఱి నిలిచియుండ, ఊరి వెలుపలి కాగితపు కర్మాగారముయొక్క పొగగొట్టము మాత్రము ధూమమాలికల నెడతెగక వెడలఁగ్రక్కుచుండెను.

ఆ కర్మాగారపుఁ దొట్టిచెంత ఓబులేసను రైతు కఱ్ఱతెడ్డుతో గుజ్జు కలియఁబెట్టుచుండెను. ఆ గుజ్జు అతని తోఁటదే. బిడ్డలవలెఁ బెంచిన చెట్లు ఇటుకబట్టీలో బూడిదయగుట యోర్వఁజాలక, కాగితమైనఁ గానిమ్మని తొలుతఁ దన చెట్లనే కొట్టించి తెచ్చినవాఁడతఁడు. గుజ్జు తెల్లనైనచో ఊరి తోఁటలన్నిటిని కర్మాగారపు యజమాని కొనును. కానిచో నన్నియు బట్టీల పాలే. కాస్టిక్ సోడాలో నుడికి, కడుగఁబడి, బ్లీచింగు మందునీట మునిఁగియు నా గుజ్జు గోనెసంచి వన్నె వీడదయ్యెను. మందు మార్చి చూచిరి. ఫలము లేదు. ఓబులేసు భుజములు నొప్పిపుట్టి, కన్నులు మండి, మనస్సంతకన్న నలసెను.

దప్పిక తాళలేక యతఁడు, భార్య సుంకులమ్మ తెచ్చిన రాగిచెంబును తొట్టి యంచునఁ బెట్టఁబోవ, గుజ్జుపని పెద్దయగు మస్తాన్ సాహెబు వారించెను.

"రాగి ఈడికి తేవాకబ్బీ. రాగి తగిలితే మందు పస చచ్చిపోతాది. అసలే ఈ గుజ్జు పోసిన మందంతా ఉత్తపుణ్యానికి తినేస్తాండాది."

ఓబులేసు చేయి నిలిచిపోయెను. బంకతెగులు సోకకుండ ఏఁటేఁటఁ దొలకరికి ముందు మైలుతుత్తమును సున్నమును గలిపి చెట్ల మొదళ్లకుఁ బట్టించుట ఆ ప్రాంతపుఁ దోఁటకాపుల యాచారము. తుత్తము రాగినుండి పుట్టునదే. ఆ పూఁతతోడి బెరడునే ఒలువక ముక్కలు కొట్టించి మరగించితినని యప్పుడు తోఁచెను. తెగులు రాకుండఁ గాచిన చేతులే గుజ్జును తెల్లఁబడనీయలేదని తెలిసి యతనికి నవ్వును దుఃఖమును నొక్కమాఱు వచ్చెను.

"మస్తానన్నా, తప్పు నాదే. చెట్లకు మైలుతుత్తం పూసినా. బెరడు ఒలిచినాంక మళ్లా ఉడకబెడదాం" అనెను.

"ఒలిచేకి ఓపికుండాదా నీకు?"

"ల్యాకపోయినా ఒలచాల్సిందే కదన్నా."

భార్యాభర్తలు కొడవళ్లు పట్టి మిగిలిన మొద్దుల బెరడొలిచిరి. నీలివన్నె పూఁత గోళ్లసందులఁ జిక్కెను. మఱునాఁటి సాయంకాలమునకు, మరల నుడికి కడుగఁబడి మందునీట నానిన గుజ్జు తోడుకొన్న పెరుగువలెఁ దెల్లనయ్యెను. మస్తాను పిడికెడు గుజ్జును జల్లెడపైఁ బఱచి యారఁబెట్టి కాగితము చేసి, అంచు చించిచూచి మెచ్చెను. ఊరి తోఁటలన్నియు ఱేపటినుండి కొట్టింపవచ్చునని యజమాని కబురంపెను.

సుంకులమ్మ యా కాగితమును దడవి మెల్లగా నడిగెను.

"మన పక్కనుండే వన్నూరప్ప తోటలో సగం చెట్లు ఇంకా పచ్చగానే ఉండాయి గదా. అవి గూడానా?"

చెట్లకు బట్టీ తప్పించితినని సంతసించుటకేని ఓబులేసునకు సత్తువ మిగులలేదు. ఊరివారికి శుభవార్త చెప్పుటకు లేవవలసినవాఁడు, గొడ్డళ్లు నూరుకొనుఁడని చెప్పవలసినదియుఁ దానే యని తెలిసి, తొట్టిగోడకుఁ జేరఁబడి చాలసేపు లేవలేక కూర్చుండెను.