గంట మోగితే తిప్పే పేజీ

చింతపండులో గింజలు తీస్తూనే రుక్మిణమ్మ కన్నడ పాఠాన్ని లోలోపల వల్లెవేసుకుంటోంది.

"ఈ పొద్దు పరీక్ష గదక్కా," అంది తోటికోడలు వనజాక్షి. "పాసైతే రేపట్నించీ సాయంత్రాలు ఇంట్లోనే ఉండచ్చు. పనంతా నా నెత్తినే పడతాండాది."

అంగడిలోంచి మరిది గోవిందరాజు నవ్వాడు. "వదినకు కలెక్టరాఫీసులో కుర్చీ ఏసినారంట!"

ఆ నవ్వు ఆమెకు కొత్త కాదు. భర్త పోయాక ఒకసారి చింతామణి నుంచి ఒంటరిగా చిక్కబళ్ళాపురంలో ఉన్న కూతురి దగ్గరికి పోబోయి, బోర్డు చదవలేక వేరే బస్సెక్కి బాగేపల్లిలో దిగింది. ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ ఆ కథ చెప్పి నవ్వారు. ఇప్పుడు కూతురికి నెలలు నిండుతున్నాయి. తోడు రమ్మంటే, "యాపారం టయాన ఎవరొస్తారు వదినా?" అన్నాడు మరిది. బస్సు మీది కన్నడ బోర్డు చదవగలిగితే చాలు, ఎవరినీ అడుక్కోనక్కర్లేదు. ఆ ఒక్క ఆశతోనే ఆమె సాయంత్రాలు వయోజన విద్యా కేంద్రానికి పోతోంది.

అక్కడికి ఈ ఏడు టేప్‌రికార్డరు వచ్చింది. అందులో ఒక గొంతు పాఠం చదువుతుంది, ఆడవాళ్ళంతా ఆ రాగంతోనే అంటారు. గంట మోగితే పేజీ తిప్పుతారు. పలక మీద అక్షరాలు దిద్దించే టీచరు సుజాతమ్మకు ఇప్పుడు మీట నొక్కడమే పని.

ఆ సాయంత్రం పరీక్ష పెట్టడానికి వచ్చిన సూపర్‌వైజరు సుబ్బరాయప్ప టేపు ఆపించి ఒక్కొక్కరినీ చదవమన్నాడు. చౌడమ్మ గడగడా చదివింది. ఆయన పొంగిపోయాడు. "అందరూ పాసే! ఇంక ఈ కేంద్రం మూసేస్తాం. రేపు ఈ టేపు మిషన్ మండికల్ ఊరికి పోతాది."

పుస్తకం నడిమికి తెరిచి రుక్మిణమ్మ చేతిలో పెట్టి, గడియారం చూసుకున్నాడు. "ఇక్కడ చదువమ్మా."

"హసు హాలు కొడుత్తదె..." ఆవు పాలిస్తుంది. తడబాటు లేదు. వేలు వరస వెంట సాగుతోంది. ఆ వేలి కింద బొమ్మలో ఆవు లేదు. బావి ఉంది.

ఆమె వేలు బొమ్మ దగ్గరే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ చదివింది కళ్ళు కాదు, చెవులు.

"శభాష్!" అన్నాడాయన, బొమ్మ వంక చూడకుండానే.

ఊరుకుంటే అందరికీ మంచిదే. చెబితే సుజాతమ్మ కొలువు ఏమవుతుందో! తమ గుట్టు కూడా బయటపెట్టిందని ఆడవాళ్ళు మొహాన ఉమ్ముతారేమో. ఇంట్లో మరిది ఈ కథను కూడా చుట్టాలకు చెప్పుకుంటాడు. సుజాతమ్మ కళ్ళు వద్దు వద్దంటున్నాయి. ఆమెకు కూడా తెలుసన్నమాట.

"కూర్చోమ్మా, అయిపోయింది గదా," అన్నాడు సూపర్‌వైజరు.

రుక్మిణమ్మ కూర్చోలేదు. పుస్తకం మూసి ఆయన చేతికిచ్చింది.

"మిషన్ తీసకపోండప్పా. సుజాతమ్మను మాత్రం మాకుండనీండి. నాకింకా ఒక్కక్షరం రాదు."