జాబితాలో లేని పేట

బుధవారం ఉదయం పదకొండుంబావుకి ఆరోగ్య ఉపకేంద్రంలో ఫ్లూ టీకాలు అయిపోయాయి. ఒక దాతల సంస్థ పంపినవి నలభై. అరవై దాటినవాళ్లకి, అందులోనూ ముందు కిడ్నీ రోగులకి వేయాలని రాసి పంపారు. నలభయ్యీ రైతుల వీధికే పడ్డాయి. ఒడ్డున ఉన్న మత్స్యకారుల పేటకి ఒక్కటీ పడలేదు.

తవిటమ్మ చేపల తట్ట ఇంట్లో దించి తొమ్మిదింటికే వరసలో నిలబడింది. మొగుడు సోములు పక్కనే నేల మీద కూర్చున్నాడు. వారానికి రెండుసార్లు పలాసలో డయాలసిస్. కిందటి చలికాలం జ్వరం, దగ్గు పట్టుకుని పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. మళ్లీ అలా వస్తే దక్కడని డాక్టరు తవిటమ్మకి చెప్పాడు. సోములుకి చెప్పలేదు.

నర్సు నాగమణి జాబితా రెండుసార్లు వెతికింది. సోములు పేరు లేదు. పేటలో ఎవరి పేరూ లేదు. ఏ రోగమూ లేని సర్పంచి మేనత్త పేరు మూడోది. ఆవిడ కారు దిగి, వేయించుకుని, కారెక్కింది.

తవిటమ్మ వెళ్లి ఉపకేంద్రం వరండాలోనే కూర్చున్న సర్పంచి వైకుంఠరావుని అడిగింది. ఆయన గొంతు పెంచలేదు. ఆగస్టులో జరిగిన కిడ్నీ రోగుల సర్వేకి పేటవాళ్లు ఏం చెప్పారో చదవమని నాగమణికి పురమాయించాడు. నాగమణి చదివింది. నూట పన్నెండు ఇళ్లు. కిడ్నీ రోగులు లేరు.

"నువ్వే లేదన్నావు కదే తవిటీ. ఇప్పుడు నన్నడిగితే ఏటి లాభం?" అన్నాడు వైకుంఠరావు.

అది నిజమే. ఇంట్లో కిడ్నీ రోగం ఉందంటే ఉద్దానంలో సంబంధాలు తప్పిపోతాయి. అప్పుడు మనవరాలు ధరణికి పెళ్లి మాటలు నడుస్తున్నాయి. సర్వే మనిషి రేవులోకి రాగానే తవిటమ్మ సోములుని పడవ చాటుకి పంపేసింది.

మధ్యాహ్నం వలలు ఆరేసేచోట పేట కూడింది. మంచి చేపలు పట్టుకెళ్లి సర్పంచిని బతిమాలుకుందామన్నాడు సోములు తమ్ముడు.

"సేప నువ్వట్టుకెల్తావు, ఆయన తింతాడు. సూది మాత్రం ఆలత్తకే," అంది బొడ్డమ్మ.

కొందరు నవ్వారు. తవిటమ్మ నవ్వలేదు. తప్పు తనదేనంది. బొడ్డమ్మ ఒప్పుకోలేదు. ఆమె రైతుల వీధిలో జీడిపిక్కలు ఒలిచే మనిషి, అక్కడ సర్వే ఎలా చేశారో చూసింది.

"ఆలూ రోగం దాసుకుంతారు వదినా. ఆలని గుమ్మం లోపల కూకోబెట్టి, తలుపేసి అడిగినారు. మనల్ని రేవులో పదిమంది ముందర అడిగినారు. ఎవులు సెప్తారు?"

ఒక్క గంటలో అయిపోతుందని సర్వే మనిషికి రేవు చూపించింది వైకుంఠరావే.

అయితే ఇప్పుడు పదిమంది ముందే చెబుదామంది తవిటమ్మ. వాదన గంటన్నర నడిచింది. పెళ్లికావలసిన పిల్లలున్న తల్లులు వద్దన్నారు. చివరికి ధరణి లేచి, రోగుల పేర్లు తను రాస్తానంది. ఆ తర్వాత ఎవరూ వద్దనలేదు.

గురువారం ఉదయం పదింటికి ఉపకేంద్రానికి మండల ప్రభుత్వ డాక్టరు జీపు వచ్చింది. యాభైమంది ముసలివాళ్లు జీపు ముందు కూర్చున్నారు.

"రాయండి బాబూ," అంది తవిటమ్మ. "సోములు. డెబ్బయ్యొకటి. కిడ్నీలు పోనాయి. మా ఇంట్లో రోగం లేదని నాను అబద్దం సెప్పినాను."

బొడ్డమ్మ తన పేరు చెప్పింది. ఆమె వెనక ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. ధరణి కాగితం మీద నలభై మూడు పేర్లయ్యాయి. డాక్టరు కాగితం తీసుకున్నాడు, పేర్లు జాబితాలో చేర్చినట్టు సంతకం చేయలేదు. సంతకం చేసేదాకా లేచేది లేదన్నారు ముసలివాళ్లు.

పన్నెండున్నరకి పోలీసులొచ్చి తవిటమ్మని, బొడ్డమ్మని తీసుకెళ్లారు. అధికారి విధులకి అడ్డుపడ్డారని కేసు. నాలుగింటికి ధరణి సంబంధంవాళ్లు వద్దని ఫోన్ చేశారు.

శుక్రవారం పేట వేటకి వెళ్లలేదు. ఉదయం ఏడింటికి స్టేషన్ ముందు రెండు వందల మంది కూర్చుని ఉన్నారు. వాళ్లలో ముప్పై ఒక్కమంది రైతుల వీధి జీడితోటల కూలీలు. టీకా అందని వాళ్ల ముసలివాళ్ల పేర్లు ధరణి ఇంకో కాగితం మీద రాస్తోంది.