సెలవు రోజు కారే కుళాయి

దేవుడికి వండేది రుచి చూడకూడదంటారు. మరి అందులో ఉప్పు తక్కువైతే ఆయన ఎవరితో చెప్పుకుంటాడు?

చిన్నప్పుడు ఈ మాట తల్లిని అడిగితే, "ఆయన నీలాగా వంకలు పెట్టడులే, పోయి కాళ్ళు కడుక్కో" అంది. ఆ జవాబు స్వామికి సరిపోలేదు. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, దేశం కాని దేశంలో గరిటె పట్టాడు, నెత్తిన సగం జుట్టు రాలిపోయింది. అనుమానం మాత్రం రాలలేదు. పైగా ఈ మూడేళ్ళలో దానికొక పిల్ల అనుమానం కూడా పుట్టింది. దేవుడి పేరు చాటున దాక్కున్నవాణ్ణి దేవుడు దాస్తాడా, పట్టిస్తాడా?

స్వామి అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. క్యాంపు పెట్టింది. రోడ్లు వేసే కంపెనీ తన పనివాళ్ళ కోసం కట్టిన రేకుల గదుల వరసే ఆ క్యాంపు. గదికి ఆరు మంచాలు, ఒకదాని మీద ఒకటి. పై మంచం వాడు పక్కకి తిరిగితే కింది మంచం వాడికి తుప్పు రాలుతుంది. వరస చివర వంటగది. పొద్దున మనవాళ్ళు పనికి పోయేముందు టిఫిన్, రాత్రికి అన్నం, పప్పు, ఒక కూర, వారం సెలవు రోజున మధ్యాహ్నం కోడికూర. అన్నీ స్వామి చేతి మీదుగానే.

మూడేళ్ళ కిందట క్యాంపులో ఒక జ్వరం తిరిగింది. పక్క మంచం తాపీ మేస్త్రి దానికి పోయాడు. వచ్చేటప్పుడు సంచితో వచ్చినవాడు వెళ్ళేటప్పుడు పెట్టెలో వెళ్ళాడు. స్వామి బతికి బయటపడ్డాడు కానీ ముక్కు లోపలే ఉండిపోయింది. వాసన లేదు. నాలుక మీద చల్లన, వేడి తప్ప మరొకటి తెలియదు. ఊరి నుంచి వచ్చేవాళ్ళెవరి చేతో భార్య ఆవకాయ పంపితే, మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఎర్రమట్టి ముద్ద ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఫోన్‌లో మాత్రం "బ్రహ్మాండంగా కుదిరింది" అన్నాడు. ఆ రాత్రి దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాడు.

కంపెనీలో ఒకటే పద్ధతి. ఒంట్లో లోపం ఉందని తెలిస్తే మందు ఇవ్వరు, విమానం టికెట్టు ఇస్తారు. వాసన తెలియని వంటవాణ్ణి ఎవరుంచుకుంటారు? ఇంటి దగ్గర కూతురు నర్సు చదువులో ఉంది. చదువు సగంలో ఆపించి పెళ్ళి చేసేద్దామని పెద్దవాళ్ళు అప్పటికే నస పెడుతున్నారు. ఇక్కడ ఇతని పొయ్యి ఆరితే అక్కడ ఆ పిల్ల పుస్తకం మూతపడుతుంది.

జ్వరం తగ్గి గరిటె పట్టిన మొదటి రోజు, వరసలో నిలబడ్డ వెల్డరు అడిగాడు. "ఏంటి, రుచి చూడకుండానే దించేస్తున్నావు?"

"చావు తప్పి బయటపడ్డాను కదా. ఇక నుంచి ఏది వండినా నైవేద్యంగా వండుతానని మొక్కుకున్నా."

ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో అతనికే తెలియదు. కానీ మనవాళ్ళు ఇట్టే నమ్మారు. ఇంకో జాతి వాళ్ళైతే "రుచి చూడని వంటవాడేంటి?" అని నిలదీసేవాళ్ళేమో. మన ఇళ్ళల్లో అమ్మ ప్రసాదం రుచి చూడకుండానే వండుతుంది, కుదరకుండా ఉండదు. ఆ రోజు నుంచి వంటవాడు కాస్తా స్వామి అయ్యాడు. చెప్పులు విప్పి వంటగదిలోకి వచ్చేవాళ్ళు కొందరు. మొదట్లో సిగ్గుపడ్డాడు. తర్వాత నిజంగానే పొయ్యి వెలిగించే ముందు దణ్ణం పెట్టుకోవడం మొదలుపెట్టాడు. పాలు తోడుకుని పెరుగైనట్టు అబద్ధం తోడుకుని భక్తి అవుతుందా? అదీ అతనికి తేలలేదు.

అసలు సంగతి ఒక్కడికే తెలుసు. క్యాంపు ప్లంబరు. చుట్టరికం ఏమీ లేదు. స్వామిని "మామా" అని పిలిచాడు కాబట్టి అల్లుడయ్యాడు. ఒకరోజు సింకు కింద దూరి పైపు బిగిస్తూ అక్కణ్ణుంచే అరిచాడు. "మామా, మాడుతోంది!"

"ఏది?"

"ఏదేంటి? నీ ముక్కు కిందే!"

స్వామి కిందికి చూశాడు. పప్పు అడుగంటి పొగ వస్తోంది. అల్లుడు సింకు కింద నుంచి బయటికొచ్చి, పప్పు వంకా మామ ముఖం వంకా చూశాడు. పొయ్యి ఆపి, పై పప్పు వేరే గిన్నెలోకి వంచి, ఒక చెంచా నోట్లో వేసుకుని, "ఉప్పు ఇంకాస్త" అన్నాడు.

అప్పట్నుంచి రోజూ అదే వరస. అల్లుడు ఏదో పని ఉన్నట్టు వంటగదిలోకి వచ్చేవాడు, ఒక చెంచా చప్పరించేవాడు, చేతులు కడుక్కుంటూ చెప్పేవాడు. "పులుపు చాలు." "కారం వీరంగం వేస్తోంది, కాస్త నీళ్ళు పొయ్యి." మాంసం వచ్చిన రోజు ముందే వచ్చి వాసన చూసేవాడు.

చిక్కల్లా సెలవు రోజుతోనే. నెలకోసారి సెలవు రోజున కంపెనీ వ్యాను సముద్రం దాకా వెళ్ళేది. పొద్దున పోతే సాయంత్రం రావడం. అల్లుడిది వాన మొహమే చూడని ఊరు. సముద్రాన్ని విమానం కిటికీలోంచి చూశాడంతే. "ఆకాశానికీ నీళ్ళకీ తేడా తెలియలేదు మామా. ఒకసారి కాళ్ళు పెట్టి చూడాలి" అనేవాడు. మూడేళ్ళ కిందట మొదటి వ్యానులో కిటికీ పక్కన సీటు పట్టాడు కూడా. సరిగ్గా అప్పుడే స్టోరు నుంచి కోళ్ళు వచ్చాయి. స్వామి తడి చేతులతో గేటు దాకా పరిగెత్తి, "కుళాయి కారుతోంది, రా!" అని పిలిచాడు. అల్లుడు దిగాడు. వ్యాను వెళ్ళిపోయింది.

కోడి వాసన చూసి, బాగానే ఉందని చెప్పి, గడప మీద కూర్చున్నాడు. "మామా, నాకొక సముద్రం బాకీ పడ్డావు" అన్నాడు నవ్వుతూ.

ఆ తర్వాత వ్యాను ఎక్కడమే మానేశాడు. ప్రతి సెలవుకీ కుళాయి కారుతూనే ఉంది. వెల్డరు ఊరుకునే రకమా? "ఈ కుళాయికి పుట్టింటి బెంగ పట్టుకున్నట్టుంది. సెలవొస్తే చాలు కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది!" అని వరసంతా నవ్వించేవాడు. అల్లుడూ నవ్వేవాడు.

ఇప్పుడు ఇక్కడి రోడ్డు పని అయిపోయింది. క్యాంపు ఎత్తేసి లోపలి ఎడారి వైపు మారుస్తున్నారు. ఈ సెలవుకి వెళ్ళేదే ఆఖరి వ్యాను.

"ఈసారి నువ్వెళ్ళాలి" అన్నాడు స్వామి ముందు రోజు సాయంత్రం.

"కోడి సంగతి?"

"నేను చూసుకుంటా. మూడేళ్ళ నుంచి ఇలాగే వండుతున్నా, చేతికి ఆ మాత్రం తెలియదా? పోరా."

అల్లుడు ఇస్త్రీ చొక్కా తీసి మంచం కమ్మికి తగిలించుకున్నాడు.

ఆ రాత్రి కరెంటు పోయింది. ఎప్పుడు పోయిందో, ఎప్పుడొచ్చిందో ఎవరికీ తెలియదు. పొద్దున స్వామి ఫ్రీజరు తలుపు తీస్తే మంచు లేదు. కోడి ముక్కల కింద పళ్ళెంలో ఎర్రటి నీళ్ళు నిలిచాయి. ముక్క తీసి వెలుగులో పెట్టి చూశాడు. రంగు బాగానే ఉంది. వేలితో నొక్కాడు. కాస్త జారింది, కోడి ఎప్పుడూ జారుతుందిగా? ముక్కు దగ్గర పెట్టుకుని గుండె నిండా పీల్చాడు. గోడకి ముక్కు ఆనించినట్టుంది.

బయట వ్యాను హారన్ కొట్టింది.

కాళ్ళు వాటంతట అవే గేటు వైపు నడిచాయి. నోట్లో మాట కూడా తయారుగా ఉంది, మూడేళ్ళ నుంచి అలవాటైన మాటే. కిటికీ పక్కన అల్లుడు, ఇస్త్రీ చొక్కాలో, పెళ్ళికొడుకులా తల దువ్వుకుని కూర్చున్నాడు. మామ తడి చేతులు చూశాడు. చూసి, ముఖం ముడవకుండా, ముందు సీటు పట్టుకుని లేవబోయాడు.

అలా లేవడం చూసేసరికి స్వామి నోట్లోని మాట మింగేశాడు. ఒక్కసారైనా విసుక్కుని ఉంటే పిలిచేవాడేమో.

"కూర్చోరా!" అని అరిచాడు. "చెప్పులు నీళ్ళలో పోగొట్టుకుంటావు, ఒడ్డునే విప్పు. అది చెప్దామనే వచ్చా."

వ్యాను వెళ్ళింది. దుమ్ము అణిగేదాకా అక్కడే నిలబడ్డాడు.

తిరిగొచ్చి పొయ్యి ముందు కూర్చున్నాడు. పారేద్దామా? ఇదివరకటి వంటవాడు పాడైందని మాంసం పారేస్తే, బయట అమ్ముకున్నాడని తరిమేశారు. పారేయాలంటే క్యాంపు బాసుకి చూపించాలి. చూపిస్తే, పాడైందో లేదో నీకే తెలియదా అంటాడు. పోనీ వండేస్తే? బాగానే ఉందేమో. మసాలా దట్టిస్తే, బాగా ఉడికిస్తే ఏమీ కాదేమో. దేవుడి గూటి వైపు చూశాడు. ఒకప్పుడు నన్ను దాచావు, ఇప్పుడూ దాచు అని అడగబోయి ఆగిపోయాడు. ఈ కూర దేవుడు తినడు. దేవుడికైతే ఉప్పు తక్కువైనా సర్దుకుంటాడు. తినేది పై మంచాల మీద పడుకున్న వాళ్ళు. తాపీ మేస్త్రిని పెట్టెలో పెట్టి మేకులు కొట్టిన చప్పుడు గుర్తొచ్చింది.

పళ్ళెం పట్టుకుని బయటికొచ్చాడు. వ్యాను ఎక్కనివాళ్ళు నీడలో కూర్చుని ఉన్నారు. నేరుగా వెల్డరు దగ్గరికెళ్ళాడు.

"దీని వాసన చూసి చెప్పు."

"నీకు ముక్కు లేదా?"

"లేదు. ఆ జ్వరం నుంచి లేదు. రుచీ లేదు."

వెల్డరు జోకనుకుని నవ్వాడు. ఇంకెవరూ నవ్వకపోయేసరికి వంగి వాసన చూశాడు. చటుక్కున ముఖం తిప్పుకుని పక్కకి ఉమ్మాడు. "చచ్చిన ఎలక కంపు!"

అంతే, అందరూ ఒక్కసారే మాట్లాడారు.

"అయితే ఆ నైవేద్యం, ఆ మొక్కు?"

"అబద్ధం."

"నీ వంటగదిలోకి చెప్పులు విప్పి వచ్చాను కదరా!" వెల్డరు లేచి నిలబడ్డాడు. "కడుపులో నొప్పొస్తే నీ చేతి విభూతి పెట్టుకున్నా. దేవుడి పేరు చెప్పి మా నోట్లో ఏం పెట్టావు ఇన్నాళ్ళూ?"

నిన్నటిదాకా స్వామీ అన్న నోళ్ళే దొంగ స్వామీ అన్నాయి. ఎవడో పళ్ళాన్ని కాలితో తన్నాడు. ముక్కలు మట్టిలో పడ్డాయి. ప్రాణాలు దక్కాయి కదా అని ఒక్కరూ అనలేదు.

క్యాంపు బాసు వచ్చాడు. మన భాష వచ్చినవాడే. అంతా విని ఒక్కటే అడిగాడు. "ఇది ఇంకెవరికి తెలుసు? ఆ ప్లంబరు నీ దగ్గరే తిరుగుతుంటాడు కదా?"

"ఎవరికీ తెలియదు సార్. కుళాయి నిజంగానే కారేది."

వంటగది తాళం చేతులు మారింది. రేపటికి టికెట్టు.

సాయంత్రం వ్యాను వచ్చేసరికి స్వామి మంచం మీద పరుపు చుట్టి ఉంది. కూతురికి ఫోన్ చేద్దామని తీసి, ఏం చెప్పాలో తోచక పక్కన పెట్టేశాడు. అల్లుడు గుమ్మంలోంచే మొదలుపెట్టాడు. పిక్కల దాకా తెల్లగా ఉప్పు చారలు కట్టాయి.

"మామా! కాళ్ళ కింద ఇసక లాగేస్తుంది, తెలుసా? ఎవరో పాదాలు పట్టుకుని రారా అన్నట్టు! ఒక గుక్క నోట్లో పోసుకున్నా, అబ్బ, మన పులుసులో వేసేదానికి పదింతలుంది! డ్రైవరన్న నవ్వలేక చచ్చాడు..."

అంతలో చుట్టిన పరుపు కనిపించింది. పై మంచం వాడు జరిగింది ముక్తసరిగా చెప్పి అటు తిరిగి పడుకున్నాడు.

అల్లుడు నేల మీద కూలబడ్డాడు. "నాకు తెలుసు. గేటు దగ్గరే తెలుసు నాకు. నన్నెందుకు దింపలేదు? పిలిస్తే రానా?"

"వస్తావు. అందుకే పిలవలేదు."

"మరి అమ్మాయి చదువు?"

స్వామి వంగి, అల్లుడి చెప్పుల్లోంచి నేల మీద రాలిన ఇసకని వేలితో ముట్టుకున్నాడు.

"సరిగ్గా చూశావా? ఒడ్డునుండి కాదు, లోపలికి దిగి?"

"నడుం దాకా దిగా." అల్లుడు మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"అయితే మన బాకీ చెల్లు" అన్నాడు స్వామి, పెట్టె తాడు బిగిస్తూ.