లక్ష్మక్క చేతికి వంగే తుపాకి

కోసిగి పక్క పల్లెలో తిమ్మన్నకు రెండెకరాల జొన్న ఉంది. కంకి పాలు పోసుకునే రోజుల్లో మంచె మీద నిలబడి చిలకలను తోలేది మాత్రం అతని పెళ్లాం లక్ష్మక్క. పద్దెనిమిదేళ్లు వడిసెల తిప్పి తిప్పి ఆమె కుడి భుజం పోయింది. ఈ ఏడు చెయ్యి చెవి దాకా కూడా లేవడం లేదు. ఇంట్లో ఉండేది ఇద్దరే. జొన్న చిలకల పాలైతే ఇంటికి తాళం వేసి ఇద్దరూ సుగ్గికి పోవాల్సిందే. సుగ్గి అంటే గుంటూరు వైపు మిరపకాయల కోతకు వలస. పోయినేడు పోయారు. పరాయి చేను గట్టున గోనెపట్టల కింద మూడు నెలలు పడుకున్న ఆ బతుకు తలుచుకుంటేనే ఆమెకు ఒళ్లు జలదరిస్తుంది.

అందుకే పిట్టలను కొట్టే ఛర్రాల తుపాకి కొందామని పోరి, దసరాకు ముందు మొగుణ్ణి వెంటబెట్టుకుని ఆదోని బస్సెక్కింది.

షాపాయన బల్ల మీద రెండు పెట్టాడు. ఒకటి పెద్దది, నిగనిగలాడే కట్టె పిడి. రెండోది చిన్నది, రంగు వెలిసింది, ధరలో సగం. "పిట్టలకు ఈ సిన్నది సాలన్నా" అన్నాడు పాపం నిజాయితీగానే. కాల్చిన ప్రతిసారీ గొట్టాన్ని కిందికి వంచి, ఛర్రా అనే సీసపు గుండు దూర్చి, మళ్లీ పైకెత్తాలి. లక్ష్మక్క చిన్నదాన్ని వంచింది. భుజం కలుక్కుమంది కానీ గొట్టం వంగింది. పెద్దదాన్ని పట్టుకుని వేలాడినా కదల్లేదు.

"ఇదే కావాల" అంది చిన్నదాని మీద చెయ్యి వేసి.

తిమ్మన్న నవ్వాడు. "పిల్లోళ్లు ఆడుకునేదే అది. ఊర్లో నలుగురు సూస్తే నగుతారు."

"మంచె మీద నిలబడేది ఆ నలుగురా, నేనా?"

"ఊరుకోమే. ఆడదానివి, తుపాకి సంగతి నీకేం తెల్సు?"

లక్ష్మక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏ గట్టు మీంచి మంద దిగుతుందో, ఏ పొద్దుకు దిగుతుందో ఈ మహానుభావుడికి తెలుసా? ఒక్కరోజైనా మంచె ఎక్కాడా? షాపులో నలుగురూ వినేటట్టు తిట్టింది. తిట్టినా ఏం లాభం, రెండు పొట్టేళ్లు అమ్మిన దుడ్డంతా పోసి అతను పెద్దదే కొన్నాడు.

బస్సు దిగింది మొదలు దాన్ని భుజాన వేసుకుని ఊరంతా తిరిగాడు. అది చూసి ఊరి పెద్దమనిషి పెద్దయ్య ఒక ముక్క అన్నాడు, "కొత్త ఆయుధమప్పా, ఆయుధ పూజ కాకుండా పేల్చగూడదు. నాలుగు దినాలే గదా." తిమ్మన్నకు అంతకంటే ఏం కావాలి? తుపాకికి కుంకం పెట్టి, కొడవళ్ల పక్కన పీట మీద పడుకోబెట్టాడు. ముట్టుకుంటే అరిష్టమన్నాడు.

"మరి సిలకలకు సెప్పినావా, నాలుగు దినాలు ఆగమని?" అని అరిచింది లక్ష్మక్క.

చిలకలు ఆగలేదు. ఆమె గొంతు పోయేటట్టు కేకలు వేసింది, ఎడమ చేత్తో రాళ్లు విసిరింది. అవి పెళ్లి భోజనానికి వచ్చినట్టు కంకి కంకి మీదా కూర్చుని తిన్నాయి. మూడో రోజుకు తూర్పు ఎకరంలో ఉత్త ఈనెలే మిగిలాయి. ఆ ఈనెలు చూసి ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. మంచె దిగి నేరుగా ఇంటికొచ్చింది. తిమ్మన్న పెద్దయ్య అరుగు మీద కూర్చుని తుపాకి గొప్పలు చెబుతున్నాడు. పీట మీద తుపాకిని పాతచీరలో చుట్టి, ఆదోని బస్సెక్కింది.

"పూజలో పెట్టినదాన్ని ఎట్ల తెచ్చినావక్కా?" అన్నాడు షాపాయన కుంకం బొట్టు చూసి.

"పూజ సేసినా వంగలేదన్నా."

ఆయన పెద్దదాన్ని వెనక్కి తీసుకున్నాడు. చిన్నదాన్ని ఇచ్చి, మిగిలిన దుడ్డు తిరిగిచ్చాడు, రెండు డబ్బాల ఛర్రాలు కూడా పెట్టాడు.

మర్నాడు పొద్దున ఆమె మంచె ఎక్కింది. పది ఛర్రాలు గాలికి పోయాయి. పదకొండోదానికి చిలక రాలింది. దాన్ని కట్టెకు కట్టి పడమటి ఎకరంలో పాతింది. మంద వచ్చి, పైన ఒక చుట్టు తిరిగి, వెళ్లిపోయింది. అప్పుడు, పీట మీద తుపాకి లేదని చూసుకుని పరిగెత్తుకొచ్చాడు తిమ్మన్న.

"పూజలోంచి తీస్తావా? ఇంటికి అరిష్టం గాదా?"

"అరిష్టం ఆ తూర్పు ఎకరంలో ఉంది, పోయి సూడు" అంది గొట్టం వంచుతూ.

కోతలయ్యాయి. మిగిలిన ఎకరం గింజలు మూటలుగా ఇంటికి చేరాయి. తిమ్మన్న వాటి చుట్టూ తిరిగి తిరిగి తల గోక్కున్నాడు.

"ఇద్దరికీ సాలవు మే. సుగ్గికి పోవాల్సిందే. బట్టలు సర్దు."

"సర్దినా" అంది లక్ష్మక్క. గడప పక్కన ఉన్న ఒకే ఒక్క బట్టల మూటను కాలితో అతని వైపు నెట్టింది. "గింజలు ఒక్క మనిషికి సాలుతాయి. నేను ఈడే ఉంటా. నువ్వు పోయిరా."