మొదటి ఛార్జి

పొద్దున్నే సైకిలు మీద కూర్చుని జడ అల్లుకోవడం కోడలికి అలవాటు. హ్యాండిల్ పట్టుకునే పనే లేదు. కాళ్ళు ఆడిస్తుంటే చాలు, బేకరీ దగ్గర బండే కుడికి తిరుగుతుంది, బట్టలషాపు సందులోంచి దూరుతుంది, గోతులొస్తే తప్పుకుంటుంది. జడ చివర రబ్బరు బ్యాండు వేసుకునేసరికి కట్టుడుపళ్ళ ల్యాబు గేటు ముందు ఆగుతుంది. నిద్ర చాలని రోజున దారిలో ఓ కునుకు కూడా తీసేది.

కొంగబొమ్మ కంపెనీ సైకిలు మరి, మాటలా! ముందు మడ్‌గార్డు మీద ఒంటికాలితో నిలబడ్డ ఇత్తడి కొంగ, తాతల నాటి పేరు. ఆ కంపెనీ బండికి దారి పడుతుంది. కొన్నేళ్ళు ఒకే దారిన తొక్కారా, ఇక చచ్చినా ఆ దారి వదలదు. పక్కకి తిప్పుదామని ఎంత లాగినా హ్యాండిల్ తిరగదు. ఊళ్ళో దీనికి ఎవరూ ముక్కున వేలేసుకోరు, పైగా గొప్పగా చెప్పుకుంటారు. కాకపోతే నేర్పేటప్పుడు ఎంత బరువుంటే అంత బరువుకే అలవాటు పడుతుంది, అదొక్కటే చిక్కు. పాలాయన నిండు క్యాన్లతో నేర్పేశాడు పాపం. ఇప్పుడు ఖాళీ క్యాన్లతో బండి అడుగు కదలదు. తిరిగొచ్చేటప్పుడు వాటి నిండా కుళాయి నీళ్ళు పట్టుకుని వస్తుంటాడు. పొద్దున పాలలో ఎన్ని నీళ్ళున్నాయో, మధ్యాహ్నం నీళ్ళలో అన్నే పాలుంటాయని ఊరంతా నవ్వుకుంటుంది.

కోడలి బండి అసలు అత్తగారిది. పెళ్ళై వచ్చిన కొత్తలో అత్తగారే ఇచ్చింది, "ఇంట్లో కూర్చుని ఏం చేస్తావ్, తీసుకో" అని. ఇద్దరి బరువూ ఇంచుమించు ఒకటే కాబట్టి బండి పేచీ పెట్టలేదు. అప్పటికి కోడలికి మొక్కల నర్సరీలో పని. అంటు కట్టడంలో ఆమె చెయ్యి పెట్టిందే పేరు. ఏటవాలుగా ఒక్క కోత కోసి, రెండు కొమ్మల్నీ అతికించి పట్టీ చుట్టిందంటే ఆ అంటు బతికి తీరేది. ఆ నర్సరీ ఏటి వంతెన అవతల ఉంది. సంబరంగా సైకిలెక్కి వంతెన మలుపు దాకా వెళ్ళి హ్యాండిల్ తిప్పబోతే, ఎక్కడ తిరుగుతుందీ! అత్తగారు ఉద్యోగమంతా పళ్ళ ల్యాబులోనే చేసి దిగింది. బండికి ఆ దారి తప్ప ఇంకోటి తెలియదు. తిన్నగా తీసుకుపోయి ల్యాబు గేటు ముందు నిలబెట్టింది. "ఓహో, అత్తగారి బదులు వచ్చావా? రా, రా," అని ల్యాబాయన చేతికి మైనం ఇచ్చాడు.

అలా ఆమె పళ్ళు చేసే మనిషైంది. డాక్టర్లు పంపే అచ్చుల్లో ప్లాస్టర్ పొయ్యడం, మైనం చిగుళ్ళ మీద పళ్ళు ఒక్కొక్కటే నిలబెట్టడం, గులాబీరంగు పొడి కలిపి ఉడకబెట్టడం, సాన పట్టడం. ఊళ్ళో సగం మంది ముసలివాళ్ళ నవ్వు ఆమె చేతిదే. అందరూ "పళ్ళమ్మా" అని పిలిచేవాళ్ళు. పిలిచినప్పుడల్లా ఆమెకి ఒళ్ళు మండేది. ఏళ్ళు గడిచాయి, కూతుళ్ళు లేరు, కొడుకులు లేరు, ఉన్నదల్లా ఆ దారి. ఓసారి కడుపు మండి నడిచే వెళ్ళింది నర్సరీకి. వెళ్ళి వచ్చేసరికి మోకాలు వాచిపోయింది. వారంపాటు కుంటింది.

అయినా నర్సరీ ఆవిడ ఆమెని మర్చిపోలేదు. మొన్నామధ్య బజార్లో కనబడి చెయ్యి పట్టుకుంది.

"నా వల్ల కావట్లేదమ్మాయ్. కళ్ళు ఆనట్లేదు, అంట్లన్నీ వంకరపోతున్నాయి. నువ్వొచ్చి చూసుకుంటానంటే నీకే అప్పజెబుతా. వానలు మొదలయ్యేలోగా చెప్పు. లేదంటే స్థలం ఇటుకల వాళ్ళకి ఇచ్చేస్తాను, రోజూ వచ్చి అడుగుతున్నారు."

ఆ మాట విన్న దగ్గర్నుంచీ కోడలికి అన్నం సయించలేదు. సరిగ్గా అప్పుడే, దేవుడు పంపినట్టు, సైకిలు ముందు ఫోర్కు విరిగింది.

విరిగిందని అత్తగారు పెద్దగా నిట్టూర్చింది. కోడలు లోపలికెళ్ళి, నీళ్ళకుండ వెనక నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

ఆమె మొగుడు లిఫ్టులు బాగుచేస్తాడు. మంచివాడే, కాకపోతే పైకీ కిందకీ తప్ప పక్కకి ఆలోచించడు. "కొంగబొమ్మ వాళ్ళు ఎలక్ట్రిక్ సైకిళ్ళు దించారటగా, అదే కొందాం. నీ మోకాలికీ సుఖం," అన్నాడు.

"వేరే కంపెనీలవి కూడా ఉన్నాయటండీ. తేలిగ్గా ఉంటాయట," అంది కోడలు, గుండె చిక్కబట్టుకుని.

"ఆ మతిమరుపు బళ్ళా?" అత్తగారు గదిలోంచే అందుకుంది. "ఎటు తిప్పితే అటు పోతాయట. దారీతెన్నూ లేని బండి ఎవరిక్కావాలే?"

నాకు కావాలి, అనుకుంది కోడలు. పైకి అనలేదు. అనకపోవడం ఆమెకి ఎప్పుడో అలవాటైపోయింది.

కొంగబొమ్మ షోరూములో కొత్త రబ్బరు వాసన. బళ్ళన్నీ వరసగా మెరుస్తున్నాయి. సేల్స్‌మన్ పిల్లనిచ్చేవాడంత మర్యాదగా ఒక్కొక్కటే చూపించాడు. ఒకటి మడతపడుతుంది. ఒకదానికి ముందు పెద్ద బుట్ట. ఇంకోదానికి ఫ్రేము కిందికి వంగి ఉంది, కాలెత్తి ఎక్కే బాధ లేదు, వెనక మనిషి కూర్చునేంత క్యారియర్. బ్యాటరీ ఊడదీసి వంటింట్లో పెట్టుకుని ఛార్జి చేసుకోవచ్చట. చెయిన్ బదులు బెల్టు, నూనె మరకలుండవట. మొగుడు మోటారు దగ్గర చెవి పెట్టి వింటున్నాడు. అత్తగారు బెల్లు కొట్టి చూస్తోంది. కోడలు సీటు మీద చెయ్యి వేసింది. ఎంత మెత్తగా ఉందో! కాదనలేనంత బావుంది బండి. దానికే ఆమెకి ఏడుపొచ్చింది.

"రోజూ వాడుకకి అంటే ఈ క్యారియర్‌దే తీసుకోండమ్మా," అన్నాడు సేల్స్‌మన్. "ఇంతకీ ఏ దారికి?"

ఆ ప్రశ్న ఆమెని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. నోరు తెరిచేలోగా మొగుడే చెప్పేశాడు. "పళ్ళ ల్యాబుకండీ."

"అయితే ఒక్క మాట జాగ్రత్తగా వినండి. పాత బళ్ళకి దారి పడడానికి ఏళ్ళు పట్టేది. వీటికి ఒక్క ఛార్జి చాలు. మొదటి ఛార్జి ఎక్కడ అయిపోతే అక్కడికే దాని దారి. ఇల్లు ఎలాగూ తెలుస్తుంది. కాబట్టి ఊరంతా తిప్పి అరగదీసి, ఆఖరికి మీ గేటు ముందు లైటు ఆరిపోయేలా చూసుకోండి. బరువు సంగతి మీకు తెలిసిందే."

"దారి నేర్పకుండా... ఊరికే అలా తోలుకోవడం కుదరదా?" అనడిగింది కోడలు.

ముగ్గురూ నవ్వారు. సేల్స్‌మన్ మర్యాదకి చివరగా నవ్వాడు.

ఇంటికొచ్చాక మొగుడు బ్యాటరీ ఛార్జింగుకి పెట్టి, ఎన్ని చుట్లు తిరిగితే ల్యాబు గేటు దగ్గర ఆగుతుందో వేళ్ళ మీద లెక్కలు కట్టాడు. కోడలు ఇంకో లెక్క కడుతోంది మనసులో. రేపు ఒక్కదాన్నే కదా తోలేది. ల్యాబు వైపు రెండు చుట్లు తిరిగి, ఎవరూ చూడకుండా వంతెన ఎక్కేస్తే? తరవాత ఎవరేమన్నా అననీ.

"రేపు నేనూ వస్తా. వెనక కూర్చుంటా," అంది అత్తగారు.

కోడలి లెక్క అక్కడే తప్పింది.

"అమ్మా, బరువు పడుతుందే," అన్నాడు కొడుకు.

"నేనెంత బరువురా, పిట్టంత లేను! ఆ దారి నాకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? ఇది పరధ్యానం మనిషి. పక్కదారి పట్టించిందంటే బండి కాస్తా తగలడిపోతుంది." కోడలు చేసిన పళ్ళతోనే ఆ మాటలన్నీ అంది, ఒక్కటి కూడా తడబడకుండా.

మర్నాడు పొద్దున్నే అత్తగారు కోడలి నడుం చుట్టూ చెయ్యి వేసి క్యారియర్ మీద కూర్చుంది. మోటారు సన్నగా మూలిగింది, బండి గాలిలా పోయింది. బేకరీ, బట్టలషాపు సందు, ల్యాబు గేటు, వెనక్కి. మళ్ళీ బేకరీ, మళ్ళీ సందు. "ఇక్కడ ఎడమకి జరుగు, గొయ్యుంది," "ఇక్కడ బెల్లు కొట్టు, కుక్క పడుకుని ఉంటుంది" అంటూ అత్తగారు వెనకనుంచి పాఠం చెబుతూనే ఉంది. హ్యాండిల్ మీద చిన్న తెరలో పచ్చగీతలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. గీత ఆరినప్పుడల్లా కోడలికి ఎవరో తలుపు గడియ వేస్తున్నట్టుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గాలికే ఆరిపోతాయిలే అని తుడుచుకోలేదు.

ఒక్క గీత మిగిలింది. వంతెన మలుపు వచ్చింది. తడిమట్టి వాసన మొహానికి కొట్టింది.

"కాస్త ఆపు," అంది అత్తగారు.

కోడలు ఆపింది.

"దారి పడిందో లేదో చూడాలిగా. పడితే హ్యాండిల్ బిగుసుకోవాలి. అటు తిప్పి చూడు."

కోడలు వంతెన వైపు తిప్పింది. వెన్నలో చాకు దిగినట్టు తిరిగింది హ్యాండిల్. ఇంకా పడలేదు. వంతెన కింద ఏరు చప్పుడు చేస్తోంది.

"ఎలా ఉంటుందే అది?" అంది అత్తగారు ఉన్నట్టుండి.

"ఏది అత్తయ్యా?"

"ఏరు. రోజూ ఈ చప్పుడు వింటూనే వెళ్ళాను. సైకిలు ఆగేది కాదు, తిరిగేది కాదు. మీ మావయ్య కొనిచ్చి, సీటు పట్టుకుని తనే దారి నేర్పించాడు దానికి. ఒక్కసారి చూపించమంటే, ఆదివారం చూద్దాంలే అనేవాడు. అన్నీ ఆదివారాలే అయిపోయాయి ఇప్పుడు."

కోడలు వెనక్కి తిరిగి చూసింది. ఇన్నేళ్ళూ ఆ మొహాన్ని చూసి ఆమె మనసులో తిట్టుకోని రోజు లేదు. "ఛార్జి అయిపోతుంది అత్తయ్యా," అంది.

"తెలుసు. పోనీ."

బండి వంతెనెక్కింది. ఏరు ఎండకి మెరుస్తోంది. అత్తగారు తల తిప్పకుండా చూస్తూ "అబ్బో, ఇంత వెడల్పా! నేనింకా కాలవంత ఉంటుందనుకున్నా," అంది. వంతెన దిగాక ఆపమంటుందేమో అని కోడలు ఎదురుచూసింది. ఆవిడ ఆపమనలేదు. మట్టిరోడ్డు, గులాబీ కుండీల వరస, వెదురు గేటు. సరిగ్గా గేటు ముందు ఆఖరి గీత ఆరిపోయింది.

నర్సరీ ఆవిడ చేతిని కళ్ళకి అడ్డం పెట్టుకుని బయటికొచ్చింది. "ఎవరూ?" అంది.

"నేనేనండీ," అంది కోడలు, బావురుమని ఏడ్చింది. అత్తగారు దిగి, ఆమె వీపు మీద రెండు చరుపులు చరిచింది. "ఊరుకో. ముందు మీ ఆయనకి ఏం చెప్పాలో ఆలోచించు. ఛార్జి సరిగ్గా పెట్టలేదని వాడి మీదకే తోసేద్దాం."

అలాగే తోసేశారు. మొగుడు నెత్తి కొట్టుకున్నాడు, బండిని ల్యాబు వైపు లాగి చూశాడు. హ్యాండిల్ చెక్కలా బిగుసుకుంది. మర్నాడు కోడలు చాకు, పట్టీలు సంచిలో వేసుకుని ఉత్సాహంగా బండెక్కింది. మోటారు మూలిగింది గానీ బండి వీసమెత్తు కదలలేదు. అరుగు మీద కూర్చున్న అత్తగారు చూసి చూసి, చెప్పులేసుకుని వచ్చి, క్యారియర్ మీద కూర్చుంది. బండి పరుగందుకుంది.

"పిట్టంత లేనన్నారుగా!" అంది కోడలు.

"నోరు మూసుకుని ముందు చూడు."

అప్పట్నుంచీ అదే వరస. ఇద్దరూ కలిసి వెళ్ళాల్సిందే, కలిసి రావాల్సిందే. అత్తగారికి జ్వరమొస్తే కోడలికి సెలవు. కోడలు తిట్టుకుంటే వెనక వినబడుతుంది. ఆవిడ అంట్ల మధ్య స్టూలు వేసుకుని కూర్చుంటుంది, వచ్చిన వాళ్ళకి అడక్కపోయినా సలహాలిస్తుంది, కోడలు కోత కోస్తుంటే "వంకర, వంకర" అంటుంది. ఆ అంట్లన్నీ బతుకుతూనే ఉన్నాయి.

వానలు మొదలైన వారంలో అత్తగారు ఓ పెద్ద కుండీ దొర్లించుకొచ్చింది. మట్టి నింపి, కోడలు కట్టిన నిమ్మ అంటు తన చేత్తో నాటింది.

"ఇంత పెద్ద కుండీ ఎందుకత్తయ్యా దానికి?"

"నేను పోతే నీ బండి కదలదు కదే, మొద్దూ. చెట్టూ మట్టీ కలిపి ఇది నా బరువు కావాలి. అప్పుడు నా బదులు దీన్ని క్యారియర్‌కి కట్టుకుని తిరుగుదువుగాని. అందాకా నన్ను మొయ్యి."

ఆ సాయంత్రం కోడలు నీళ్ళ పైపు పట్టుకుని అన్ని మొక్కల దగ్గరా తీరిగ్గా నిలబడింది. అత్తగారి కుండీ దగ్గరికొచ్చేసరికి అటూ ఇటూ చూసి, నీళ్ళు కాస్త తక్కువే పోసింది. రోజూ అంతే పోస్తోంది.