నాలుకని పట్టిన ఎముక

పిచ్చుక ఆ రోజు చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. కానీ ఆ పిల్లని ఏమని తిడతాం? అలవాటు అలాంటిది మరి.

చిన్నప్పుడు కనిపించిందల్లా నోట్లో పెట్టుకునేదని వాళ్ళ నాన్న ముద్దుగా పెట్టిన పేరు అది. పెద్దయ్యి, మ్యూజియంలో రాతిలో దొరికే ఎముకల్ని శుభ్రం చేసే ఉద్యోగంలో చేరినా ఆ బుద్ధి పోలేదు. పోయే దారేదీ? అక్కడ పనే అది! చేతిలో ఉన్న ముక్క ఉత్త రాయో, రాయిగా మారిన ఎముకో తేలకపోతే నాలుకకి ఆనించి చూస్తారు. రాయి జారిపోతుంది. పాతకాలపు ఎముకకి సన్నటి చిల్లులుంటాయి కాబట్టి నాలుకని పట్టేసుకుంటుంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ వంటింటి బల్ల మీద తువ్వాలు మూట పెట్టుకుని కూర్చుంది. "క్వారీ మేస్త్రీ ఇచ్చి వెళ్ళాడు. చూడవే" అంది. విప్పితే మూరెడు ఎముక. పిచ్చుక దుమ్ము తుడిచి, విరిగిన చోట నాలుక ఆనించింది. అంటుకుంది.

"ఓసి నీ నోరు పడిపోనూ! అది మీ నాన్నే!" అని అమ్మ కెవ్వుమంది.

మూడేళ్ళ కిందట క్వారీ గోడ కూలి, నాన్న దాని కింద ఉండిపోయాడు. యంత్రాలతో రెండు రోజులు కెలికి, ఇక లాభం లేదని యజమాని చేతులు దులిపేసుకున్నాడు. నాన్న ఎప్పుడొచ్చినా తలుపు కొట్టే పని లేకుండా, అప్పట్నుంచీ అమ్మ గడియ పెట్టకుండానే పడుకుంటోంది. ఇప్పుడా రాళ్ళ గుట్టలో ఎముక దొరికేసరికి, 'మట్టి చేసేసుకోండి, మేం గుంత పూడ్చేస్తాం' అని కబురంపాడు, ఆ యజమాని మహానుభావుడు!

ఎముక మాత్రం రాయంత బరువుంది. ఒక కొస గుండ్రంగా, రెండో కొస తెడ్డులా పలచగా వెడల్పుగా. మనిషి తొడ ఎముక అలా ఉండదు. ఎన్నో యుగాల కిందట సముద్రంలో ఈదిన, బల్లిలాంటి పెద్ద జంతువుది అది. పిచ్చుకకి తెలిసిపోయింది.

అమ్మ తువ్వాలు మళ్ళీ చుడుతూ, "ఇవాళ గడియ పెట్టుకుంటానే" అంది. పిచ్చుక నోరు మూసుకుంటే అమ్మకి కంటి మీద కునుకు పడుతుంది. కానీ గుంత పూడ్చేస్తారు. నాన్న ఇక ఎప్పటికీ దాని కిందే.

"అమ్మా, ఇది నాన్న కాదు. మనిషిదే కాదు."

అమ్మ తువ్వాలు మూట పక్కకి నెట్టేసింది. "ఉన్న ఒక్క మనిషినీ నాకు రెండోసారి చంపావు కదే" అంది.

పిచ్చుక చెప్పగానే మ్యూజియం వాళ్ళు పూడ్చే పని ఆపించారు. జంతువు మిగతా ఎముకల కోసం గుట్టంతా చేత్తోనే తీశారు, బ్రష్షులతో దులిపారు, జల్లెడ పట్టారు. అమ్మ రోజూ వచ్చి గట్టున కూర్చునేది.

"ఎప్పుడో చచ్చిన బల్లికి ఎంత మర్యాదే తల్లీ! మీ నాన్నకి బుల్డోజరు పెట్టారు" అంది ఒకరోజు.

జంతువు తోక దాకా వచ్చాక, జల్లెడలో వేలెడంత ముక్క మిగిలింది. పిచ్చుక దుమ్ము తుడిచి, అలవాటు కొద్దీ నోటి దాకా తెచ్చింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. దానికి రాయి బరువు లేదు. రాయిగా మారేంత పాతది కాదది.

అమ్మ గట్టు దిగి వచ్చింది. "ఆనించి చూడవే, ఏదో ఒకటి తేలిపోతుంది" అంది.

"అక్కర్లేదమ్మా" అంది పిచ్చుక. ఎముకని అమ్మ అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.